బయటి బెంచీకి మెత్త

మెత్తలో ఏం కూరాలనే సంగతి మీద ఏడాదికి పైగా బుర్ర పెట్టిన మనిషిని నేను. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పాను, పొలం కౌలుకిచ్చాను, ఇంట్లో వంట చేశాను. అవన్నీ వాటంతట అవే నడిచాయి. మనసు పెట్టి చేసిన పని ఏదంటే అదొక్కటే. మనసు పెట్టి అనడం కూడా అబద్ధమేమో. అప్పట్లో నాకు మనసనేది ఉన్నట్టు గుర్తులేదు. చేతులున్నాయి, వాటికి ఒక పని కావలసి వచ్చింది.

మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే. నరసరావుపేటలో బస్సెక్కితే దిగే ఊళ్ళలో మాదొకటి. పత్తి, మిర్చి పండిస్తాం. బావకు వ్యవసాయం మీద ఎంత ధ్యాసో ఊరి వ్యవహారాల మీద అంతకు రెండింతలు. తనకు పదవేమీ లేదు, ఎప్పుడూ కోరలేదు. డొంక దారి తగాదాల దగ్గర్నుంచి ఎన్నికల్లో ఎవర్ని నిలబెట్టాలనే దాకా ఏ మాట వచ్చినా ముందు మా గుమ్మంలో తేలాల్సిందే. పొద్దున్నే కాఫీ తాగి బయటకొస్తే మళ్ళీ అన్నం వేళకే లోపలికి రావడం. ఇల్లు తనకు తిని పడుకునే చోటు. బతికేది బయటే.

ఒక ఏడు పత్తి తీతల రోజుల్లో ట్రాక్టరు ట్రక్కు మీద బోరాలు ఎత్తుగా పేర్చి, పైకెక్కి మోకు బిగిస్తుంటే ఆ మోకు తెగింది. వెనక్కి పడ్డాడు. కింద తారు రోడ్డు. వెన్నెముక విరిగింది. పత్తి మీంచి పడ్డాడంట అని ఊళ్ళో చెప్పుకున్నారు, అదేదో మెత్తగా పడ్డట్టు. గుంటూరులో ఆపరేషన్ చేశారు. బొడ్డు కింద నుంచి కదలిక రాదనీ, స్పర్శ కూడా ఉండదనీ వార్డు బయట వరండాలో డాక్టరు నాకు చెప్పారు. నేను విని, ఇంటికి పోయే రోజు అంబులెన్సు మీరు మాట్లాడతారా, మేం మాట్లాడుకోవాలా అని అడిగాను. ఆయన నా మొహం కేసి కాసేపు చూశారు. నాకు ఏడుపు రాలేదు. ఆ రోజు రాలేదు, ఇంటికొచ్చాకా రాలేదు.

గట్టి మనిషని ఊళ్ళో పేరొచ్చింది. చూడ్డానికొచ్చిన వాళ్ళు మా అత్తను పట్టుకుని ఏడ్చి, నా దగ్గరికొచ్చేసరికి కళ్ళు తుడుచుకుని, నీ గుండె రాయమ్మా, నీ ధైర్యమే వాణ్ణి నిలబెడతదని మెచ్చుకుని పోయేవాళ్ళు. ధైర్యం కాదు, పాడూ కాదు. చాలాసేపు మడుచుకుని కూర్చుంటే కాలికి తిమ్మిరెక్కుతుంది చూడండి, గిల్లినా ఎవరి కాలునో గిల్లినట్టుంటుంది. నాకు మనిషంతా అలా ఉండేది. నాకంటూ ఏదైనా జబ్బు చేసినా ఆ రోజుల్లో కనిపెట్టేదాన్ని కాదు.

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు నర్సమ్మ ఒక సంగతి గట్టిగా చెప్పింది. మనం ఒకచోట కూర్చుంటే కొంతసేపటికి కింద నొప్పి పుడుతుంది, మనకు తెలియకుండానే అటో ఇటో జరుగుతాం. నిద్రలో కూడా జరుగుతాం. ఆయనకు ఆ నొప్పి కబురు అందదు. ఎముక కింద చర్మం నలిగి నలిగి చచ్చిపోతుంది, పుండవుతుంది, ఆ పుండు ఎముక దాకా పోతే ప్రాణానికే ముప్పు. అందుకని పావుగంటకోసారి రెండు చేతులూ పక్కన ఆనించి తన ఒంటిని తనే పైకి లేపుకోవాలి. కూర్చునే చోట మంచి మెత్త ఉండాలి. తడి తగలకూడదు. రోజూ ఒకసారి చర్మం చూడాలి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. తెల్లబడలేదంటే లోపల చెడిందని గుర్తు.

చక్రాల కుర్చీ ఒకటి కొన్నాం. ఇంట్లో దాంట్లోనే తిరిగేవాడు గానీ దాంతో గుమ్మం దాటడానికి ఒప్పుకోలేదు. నేను రెండుమూడుసార్లు వాదించాను. చివరికి ఒకరోజు విసుక్కోకుండా, నెమ్మదిగానే చెప్పాడు.

"చక్రాల కుర్చీలో ఉంటే జనం పలకరించి పోతారే. బెంచీ మీద ఉంటే మాట్టాడతారు."

మా గేటు పక్కన రేకుల పంచ ఒకటి ఉంది. మూడు వైపులా తెరపే. దాని కింద ముగ్గురు కూర్చునే ఇనప బెంచీ, ఆనుకోవడానికీ చేతులు పెట్టుకోవడానికీ కమ్మీలు ఉన్నది, క్రోసూరులో వెల్డింగు చేయించి తెచ్చుకున్నది. కూర్చునే చోట ఇనప పట్టీలు, మధ్య మధ్య సందులు. బావ రోజంతా కూర్చునేది ఆ బెంచీ మీదే. పొద్దున్నే నేను బడికి పోయే ముందు, కుర్చీకీ బెంచీకీ మధ్య నున్నటి చెక్క పలక వేసి, నేనూ అత్తా చెరో పక్కా పట్టుకుని జరిపేవాళ్ళం. కూర్చున్నాక చొక్కా సర్దుకుని, కాళ్ళ మీద తువ్వాలు కప్పుకుంటే ఏమీ జరగని మనిషిలాగే ఉండేవాడు. డాక్టరు వద్దనలేదు. మెత్త సరిగ్గా ఉంటే పూట పూటంతా కూర్చోవచ్చన్నారు. పుండు పడితే మాత్రం మానేదాకా బోర్లా పడుకోవడమే, నెలలు పట్టవచ్చన్నారు. లోపల బోర్లా పడున్న మనిషిని ఊరు ఎన్నాళ్ళు గుర్తు పెట్టుకుంటుందో బావకు బాగా తెలుసు. తనే ఎంతమందిని మర్చిపోయాడో తనకు తెలుసు కదా.

అంచేత ఆ బెంచీకి మెత్త కావాలి. అదీ ఎండకూ మంచుకూ జల్లుకూ దుమ్ముకూ బయట పడుండే మెత్త.

మొదటిది మా అత్త కుట్టించింది. ఇంట్లో పత్తి పెట్టుకుని బజారులో స్పాంజి కొంటామా అని ఆమె పట్టుదల. మా పొలం పత్తినే గింజ తీయించి, ఏకించి, మందంగా కూరించి, నిండా టాకాలు వేయించింది. చూడ్డానికి పెళ్ళిపీటల మీద వేసేదిలా ఉంది. నెల తిరక్కుండా మధ్యలో అణిగి పల్చటి రొట్టెలా అయిపోయింది. తెల్లారే మంచుకు తడి పీల్చేది. డాబా మీద ఎండేసి కర్రతో కొడితే పైకి లేచినట్టే లేచి, బావ కూర్చోగానే మళ్ళీ అణిగేది. లోపల గడ్డలు కట్టింది. ఒక సాయంత్రం చూస్తే ఎడమ పక్కన పావలా బిళ్ళంత ఎరుపు. నొక్కితే తెల్లబడింది. సరే, ఇంకా మించిపోలేదు అనుకుని ఆ మెత్తను పిల్లికి వదిలేశాను.

రెండోది బూరుగు దూది. చలవ చేస్తుందనీ, తడి త్వరగా ఎక్కదనీ బడిలో తోటి టీచరు చెప్పింది. నిజమే, తేలిగ్గా ఉంది, నీళ్ళు పడినా పై నుంచి జారిపోయింది. కానీ మనిషి బరువుకు ఆ దూది పొడిపొడి అయిపోతుంది. వానలు మొదలయ్యేసరికి కుట్ల సందుల్లోంచి పంచంతా ఎగిరింది. వచ్చినవాళ్ళు మీసాల నిండా దూదితో రాజకీయం మాట్లాడేవాళ్ళు. కొబ్బరి పీచు పెడదామని ఎవరో అన్నారు. పీచు తడికి చెడదు గానీ గట్టిగా ఉంటుంది, గట్టిదైతే ఆ ఇనప పట్టీలే ఉన్నాయి కదా, మళ్ళీ మెత్త ఎందుకు?

మూడోది మామూలు స్పాంజి, పైన రెగ్జిన్. నరసరావుపేటలో పరుపుల కొట్లో కొన్నాను. రెగ్జిన్ ఉంటే తడి లోపలికి పోదనుకున్నాను. కుట్లలోంచి పోయింది. పోయింది మళ్ళీ బయటకు రాలేదు. నాలుగు రోజుల ముసురు తర్వాత జిప్పు తీస్తే నాచు వాసన వచ్చింది. పైగా రెగ్జిన్ మీద చెమట నిలుస్తుంది, ఎండ పడితే కాలుతుంది. కాలినా బావకు తెలియదు. నేను చెయ్యి పెట్టి చూసుకోవాలి.

ఇదంతా చేస్తున్నప్పుడు నాకు బాధగా ఉండేదా అంటే, లేదు. శ్రద్ధ ఉండేది. బస్సులో కూర్చున్నా స్పాంజి గురించే ఆలోచన. స్టాఫ్‌రూములో కుర్చీ కుషన్లను బొటనవేలితో నొక్కి ఎంతసేపట్లో పైకి లేస్తుందో చూసేదాన్ని. ఒకసారి బస్సు సీటు చిరుగులో వేలు పెట్టి లోపలిది పీకి చూస్తుంటే కండక్టరు కోప్పడ్డాడు. పక్కనున్నావిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఇంటికొచ్చి బావ మొహం చూడ్డం కంటే నాకు ఆ సీట్లు చూడ్డం సులువుగా ఉండేది.

నాలుగోసారి అదే పరుపుల కొట్టుకు పోయాను. కొట్టాయన మాటకారి. బయట వాడేదంటే వేరే సరుకు ఉందన్నాడు, పెద్ద హోటళ్ళలో ఈత కొలను పక్కన కుర్చీలకు వేస్తారట, ఇక్కడ ఎవరూ అడగరు కాబట్టి తెప్పించలేదట. ఇంతకీ మీకు పూల్ ఎక్కడుందమ్మా అని అడిగాడు. తవ్వించాం, ఇంకా నీళ్ళు పడలేదు అన్నాను. ఆయన నవ్వాలో వద్దో తేల్చుకోలేక ఫోను తీసి ఆర్డరు పెట్టాడు.

వారం తర్వాత నమూనా ముక్క వచ్చింది. జల్లెడలా కంతలు కంతలుగా ఉంది, వెలుతురుకు పెడితే అవతల కనిపిస్తోంది. కొట్టాయన దాని మీద గ్లాసెడు నీళ్ళు పోశాడు. పైన పోసినవి పోసినట్టే కిందకు కారిపోయాయి. చేత్తో రెండుసార్లు దులిపితే దాదాపు పొడి. నేను మోకాలు వేసి నొక్కి చూశాను. గట్టిగానే ఉంది, కాస్త ఎక్కువ గట్టి. అందుకని కింద అది మందంగా, పైన అదే రకంలో మెత్తటిది పల్చగా పెట్టించాం. పైన ఆకుపచ్చ గొడుగు గుడ్డలాంటి బట్ట, అడుగున వల గుడ్డ, నీళ్ళు పోవడానికి. బావ కూర్చునేంత మేరకే, ఒక్క మనిషికి.

ఆ మెత్త వేశాక చలికాలమంతా చర్మం పసిపిల్లాడి చర్మంలా ఉంది. రోజూ పొద్దుగూకే ముందు ఫోను లైటు వేసి చూసేదాన్ని. ఏమీ లేదు. మంచు పడినా తెల్లారి దులిపి వేస్తే సరి. నేను గెలిచాననుకున్నాను. సంతోషం అనలేను, పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోయినప్పుడు ఉంటుందే, అలాంటిది.

శివరాత్రి దగ్గర పడింది. కోటప్పకొండకు మా ఊరి ప్రభ పోతుంది, గడలతో మేడలకు మించి ఎత్తు కట్టి బండి మీద నిలబెట్టేది. ఎత్తెంత, లైటింగు ఎవరు, ముందెవరు నడవాలి అని మా పంచలో రోజూ తిరునాళ్ళే. బావ మొహంలో కళ వచ్చింది. పడిన తర్వాత అంత గొంతెత్తి మాట్లాడ్డం, ఆదివారాలు వంటింట్లో ఉండి, నేను అప్పుడే విన్నాను. ప్రభ పోయొచ్చింది. తర్వాత కూడా జనం రావడం మానలేదు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం చూస్తే ఎడమ పక్క ఎరుపు. నొక్కితే తెల్లబడలేదు. రెండో రోజుకు నీలం తిరిగింది. తర్వాత పై తోలు ఊడింది.

నాకు అర్థం కాలేదు. మెత్తను నీళ్ళలో ముంచి చూశాను, ఎండలో పెట్టి చూశాను, మోకాలితో తొక్కి చూశాను. దాంట్లో లోపం కనబడలేదు. పుండు మాత్రం పెరుగుతోంది. కూర్చునే సేపు తగ్గిద్దామంటే బావ వినలేదు, పావుగంటకోసారి లేపుకుంటూనే ఉన్నానన్నాడు. అత్త కూడా అవునంది. ఇక తప్పు సరుకుదే అని మెత్తను చంకన పెట్టుకుని పరుపుల కొట్టుకు పోయి, నలుగురిలో కొట్టాయన్ని నానా మాటలూ అన్నాను. ఆయన పాపం జిప్పు తీసి, స్పాంజి బయట పెట్టి, అటూ ఇటూ తిప్పి, కొత్తదానిలాగే ఉందమ్మా అన్నాడు. దాంట్లో లోపం లేనప్పుడు ఇంకెక్కడుందో వెతకాలని అప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది.

మార్చి నడిమి నుంచి ఒంటిపూట బళ్ళు. అంతకుముందు నేను ఇంటికొచ్చేసరికి సాయంత్రమయ్యేది, జనం ఎప్పుడో వెళ్ళిపోయేవాళ్ళు. ఒంటిపూట మొదలైన రోజున మిట్టమధ్యాహ్నం గేటు దగ్గర ఆటో దిగాను. పంచలో మనుషులున్నారు. బెంచీ మీద ఒక కొసన బావ. ఇంకో కొసన మా మామగారికి వరసకు అన్న అయ్యే పెద్దాయన. బావ ఆయన్ను పెదనాన్నా అంటాడు, నేను మామయ్యా అంటాను, ఊరంతా ఆయన మాట వింటుంది. మిగతావాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో ఉన్నారు. పెద్దాయన ఒక కాలు మడిచి పైన పెట్టుకుని ఏదో డొంక సంగతి చెబుతున్నారు. ఆయన కింద ఆకుపచ్చ గుడ్డ కనిపించింది.

మనకు రెండోది ఎక్కడిది అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను. తర్వాత బావ వైపు చూశాను. కాళ్ళ మీద తువ్వాలు సర్ది ఉంది. తువ్వాలు కింద పంచె, పంచె కింద ఇనప పట్టీలు. ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో. హాయిగా నవ్వుతూ వింటున్నాడు.

మా వైపు కోడలు పెద్దవాళ్ళ ముందు గొంతెత్తదు. పంచలో మగవాళ్ళు కూర్చుంటే పక్క దారిన లోపలికి పోతుంది. నేను బ్యాగు భుజాన ఉండగానే బెంచీ ముందుకు పోయి నిలబడ్డాను.

"మామయ్యా, ఒక్కసారి లెగండి."

మాట ఆగిపోయింది. పెద్దాయన నా మొహం చూసి, ఏమీ అర్థం కాక, మడిచిన కాలు దించి మెల్లగా లేచారు. మెత్త లాగి బావ దగ్గరికి తెచ్చాను. చేతులు ఆనించి లేపుకోమన్నాను. బావ లేపుకోలేదు. రోడ్డు వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీల్లో వాళ్ళు ఒక్కొక్కరే పనుందని లేచి పోయారు. పెద్దాయన కండువా దులుపుకుని నడిచి పోయారు. ఆయన వీధి మలుపు తిరిగిన తర్వాత బావ చేతులు ఆనించి మనిషిని పైకి లేపుకున్నాడు. కింద మెత్త తోశాను.

లోపల మంచం మీదకు చేర్చి చూస్తే, పుండు మీదా దాని చుట్టూతా ఇనప పట్టీల చారలు. ఎడంగా, వరసగా, బెంచీ మీద ఎలా ఉన్నాయో అలాగే.

అత్తను నిలదీశాను. ఆమెకు నేను ఎందుకు కేకలేస్తున్నానో మొదట అర్థం కాలేదు. ఇంటికొచ్చిన పెద్దమనిషిని ఇనప ముక్క మీద కూర్చోబెట్టి మనం మెత్త మీద కూర్చుంటామా అంది. ఆ మెత్త పేట నుంచి ప్రత్యేకంగా తెప్పించింది కాబట్టి ఊళ్ళో దానికి పేరు కూడా వచ్చిందట. వచ్చిన వాళ్ళలో ఎవరు పెద్దయితే వాళ్ళకు. బావే పెద్దాయన్ని చూడగానే తొందర పెట్టేవాడట. నర్సమ్మ నేర్పినట్టే రెండు చేతులూ ఆనించి మనిషిని పైకి లేపుకునేవాడు, ఆ సందులో అత్త మెత్త లాగేసేది. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ అలాగే బావ కింద పెట్టేది. లేచి నిలబడి పెద్దవాళ్ళకు చోటివ్వడం తనకిక కుదరదు. ఇవ్వగలిగింది అదొక్కటే. శివరాత్రి పనులన్ని రోజులూ, ఆ తర్వాతా, నేను దగ్గరుండి కుట్టించిన మెత్త మీద ఊళ్ళో పెద్దలంతా కూర్చున్నారు, ఒక్క బావ తప్ప.

గుంటూరు తీసుకుపోయాం. చచ్చిన కండ తీసేశారు. ఎముక దాకా పోలేదు, దగ్గర్లోనే ఆగింది. కండ నిండేదాకా బోర్లా పడుకోవాలి, కూర్చున్నావంటే మళ్ళీ మొదటికొస్తుందన్నారు. ఏసీ లేని ఎండాకాలం. ముందు గదిలో మంచం వేశాం, కిటికీలోంచి పంచ కనిపించేలా. కనిపించేది బెంచీ కాళ్ళు మాత్రమే. బావ నాతో మాట్లాడటం మానేశాడు. ఊళ్ళో నా మాట పాకిపోయింది, పెద్దాయన్ని బెంచీ మీంచి లేపిందని. ఎవరూ రావడం లేదు. నాకు దాని మీద కోపం గానీ సిగ్గు గానీ కలగలేదు. కట్టు విప్పడం, కడగడం, కట్టు కట్టడం, బడికి పోవడం.

ఒకరోజు కట్టు మారుస్తుంటే బావ దిండులోకి మొహం పెట్టుకునే మాట్లాడాడు. అన్ని రోజుల తర్వాత మొదటి మాట.

"నాకు ఇనుమైనా ఒకటే, పరుపైనా ఒకటేనే. ఆయనకన్నా మెత్తగా ఉందని తెలుస్తది గదా."

ఏడాదికి పైగా నేను దూది, పీచు, స్పాంజి అంటూ తిరిగాను. అందులో ఒక్కటి కూడా తనకు మెత్తగా తగలదనే సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నాకు తెలుసు, కానీ అది నాలోకి దిగలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. వార్డు బయట రావలసింది, ఇంటికొచ్చిన రోజు రావలసింది, అంతా ఒక్కసారే వచ్చింది. ముక్కు కారుతోంది, చేతికి గ్లవ్స్, తుడుచుకోవడానికి లేదు. బావ వెనక్కి తిరిగి చూడలేడు. ఏమైందే, ఏమైందే అని అడుగుతూనే ఉన్నాడు. ఏం లేదని చెప్పి పుండు మళ్ళీ మొదట్నుంచీ కడిగాను.

ఆ వారంలోనే పెద్దాయన ఇంటికి పోయాను. చెయ్యాల్సిన పని కాబట్టి పోయాను, క్షమాపణ అడగాలని నాకేమీ లేదు. ఆయన నన్ను చూసి లోపలికి పోలేదు, అదే పదివేలు. పుండు సంగతి, చారల సంగతి అన్నీ చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. తర్వాత అన్నారు.

"నేనెరగనమ్మా. వద్దంటే చిన్నబుచ్చుకుంటాడని కూర్చున్నా. నాకసలు మెత్త మీద కూర్చుంటే నడుం పట్టుద్ది."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. ఆయన కూడా కాస్త నవ్వి, కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. వాడు నాకిస్తున్నాడు, నేను వాడికోసం పుచ్చుకుంటున్నాను, మధ్యలో ఇదా అన్నారు. ఆ మర్నాటి నుంచి రోజూ వచ్చి మంచం పక్కన గచ్చు మీద చతికిలబడి, బావ మొహానికి దగ్గరగా కూర్చుని మాట్లాడి పోయేవారు. ఆయన వెనక మిగతావాళ్ళూ మెల్లగా రావడం మొదలుపెట్టారు.

పరుపుల కొట్టుకు మళ్ళీ పోయాను. అన్న మాటలకు తప్పయిపోయిందన్నాను. అదే స్పాంజి, అదే గుడ్డ, ఈసారి బెంచీ పొడుగునా ఒకటే ముక్క కావాలన్నాను, ముగ్గురు కూర్చునేది. అంత పొడుగు రాదు, అతకాల్సొస్తుందన్నాడు. అతుకు బావ కింద రాకుండా చూడమన్నాను. అడుగున తాళ్ళు పెట్టించి బెంచీ పట్టీలకు ముడేశాను. ఇప్పుడు ఎవరొచ్చినా దాని మీదే కూర్చోవాలి, ఒకరి కింద నుంచి ఇంకొకరికి లాగడానికి లేదు. అత్త దాన్ని చూసి ఇది బాగుంది, ముందే ఇట్టా చేయిస్తే పోయేది గదా అంది. నిజమే. నాకు తట్టలేదు.

కండ నిండి పైన తోలు పట్టేసరికి తొలకరి పడింది. డాక్టరు సరేనన్నారు, మొదట కాసేపే కూర్చోమన్నారు. ఒక ఆదివారం సాయంత్రం, వాన వెలిసిన తర్వాత, నేనూ అత్తా కలిసి బెంచీ మీదకు జరిపాం. జల్లు పడిన మెత్త అప్పటికే ఆరింది. బావ బాగా చిక్కిపోయాడు, చొక్కా వదులైంది. కాళ్ళ మీద తువ్వాలు కప్పాను. అత్త పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోయింది. నేనూ పోబోతుంటే బావ పిలిచాడు.

"నువ్వు కూర్చో. ఎట్టుందో కూర్చుని చెప్పు. నాకెట్టా తెలుస్తది."

ఆ బెంచీ చేయించి ఎన్నో ఏళ్ళయింది. నేను దాని మీద ఎప్పుడూ కూర్చోలేదు. వీధిలోకి మొహం పెట్టి మొగుడి పక్కన బెంచీ మీద కూర్చునే ఆడది మా ఊళ్ళో లేదు. ట్రాక్టరొకటి పోతోంది, డ్రైవరు తల తిప్పి చూశాడు. నేను కూర్చున్నాను.

చెప్పాను. కూర్చోగానే కొంచెం కిందకు దిగుతుంది, తర్వాత ఆగుతుంది, కింద పట్టీలు ఉన్నట్టే తెలియదు, చల్లగా ఉంది గానీ తడిగా లేదు. బావ రోడ్డు వైపే చూస్తూ వింటున్నాడు, ఎవరో పొరుగూరి సంగతి చెబుతుంటే విన్నట్టు. ఇంకా అన్నాడు. తొడల కింద ఎత్తుగా లేదు, వెనక ఆనుకుంటే జారడం లేదు అన్నాను. ఇంకా అన్నాడు. ఇంకేం చెప్పాలో తెలియలేదు. వెనక్కి ఆనుకుని ఊరికే కూర్చున్నాను.

"నొప్పేమన్నా ఉందా?"

లేదని చెప్పబోయాను. ఉంది. నడుము కింద, ఎడమ పక్కన, మొద్దుగా, లోపల్నుంచి. అది ఆ రోజు వచ్చింది కాదు. బావను ఎత్తడం, దించడం మొదలైన నాటి నుంచీ ఉండే ఉంటుంది. నాకు ఆ నిమిషమే తెలిసింది, తెలిసేసరికి ఊపిరి తీసుకోవడం కూడా కష్టమైంది.

ఉంది బావా, నడుము అన్నాను.

బావ తల తిప్పాడు. చెయ్యి నా వెనక్కి పోనిచ్చి, వెతికి, ఒకచోట బొటనవేలితో నొక్కాడు. వీధిలో మనుషులు పోతున్నారు.

"ఇక్కడేనా?"

"ఇంకొంచెం కింద."